నేరేడు రంగు బజారు

ఇవాళ్టి పిల్లలకు బజారంటే అద్దాల బీరువా, ధర రాసిన చీటీ. మా కాలంలో పాతబస్తీలో సరుకు కొనే చోట్లు చిత్రంగా ఉండేవి. పత్తర్‌గట్టిలో పరదా కట్టిన జట్కా ఆగితే దుకాణమే లేచి దాని దగ్గరికి వెళ్లేది. గుమాస్తా తానులను పరదా కిందినుంచి లోపలికి తోసేవాడు. గాజుల చేయి ఒకటి వచ్చి నచ్చనివాటిని బయటికి నెట్టేది. దేవిడీల, అంటే నవాబుల భవంతుల, సామాను వేలం వేసే హర్రాజు ఖానాలో, ఒక నవాబు వాలిన పడకకుర్చీని కల్లు దుకాణం ఆసామి పాడుకోవడం నేను కళ్లారా చూశాను. చార్మినార్ దగ్గర ఒకడు నేల మీద గుడ్డ పరచి పాత పళ్లసెట్లు అమ్మేవాడు. కొనేవాళ్లు అక్కడే నోట్లో పెట్టుకుని, నప్పకపోతే తీసి తిరిగి ఇచ్చేవాళ్లు. అది చూసిన రోజున నాకు అన్నం సహించేది కాదు.

సహించకపోవడానికి కారణముంది. నేను సఫాయి దరోగాను. మురుగు కాలువలు, చెత్తకుప్పలు, కుళ్లిన పండ్లు, అంటురోగాలు నా శాఖ. పంతొమ్మిదివందల ముప్ఫైలలో చేరి ఎన్నో పేటలు తిరిగాను. కానీ నా ఉద్యోగం మొత్తంలో ఎవరైనా ఒక్క సంగతి చెప్పమంటే, మూసీ ఒడ్డున గురువారం గురువారం కూడే పాతసామాన్ల బజారులో, పాతబట్టల వరుసలో జరిగింది చెబుతాను.

యుద్ధం రోజులవి. కొత్త గుడ్డ కంట్రోలులో పడింది. వరుసలో నిలబడి తెచ్చుకున్న ముతక బట్ట ఇంట్లో ఒకరికి సరిపోతే ఇద్దరికి సరిపోయేది కాదు. అందుకని పాతబట్టల వరుస గురువారం తెల్లవారేసరికి కిక్కిరిసేది. అయినా అక్కడ కొన్నామని ఎవరూ పైకి చెప్పేవారు కాదు. చాకలి తప్పుగా తెచ్చాడనో, చుట్టాలు పెట్టారనో బొంకేవాళ్లు. బజారు దాటేదాకా మూటను చంకలో దాచుకుని, తల వంచుకుని నడిచేవాళ్లు.

ఆ వరుసకొక ఆచారముంది. కొనేవాడు అంగీ ఎత్తి పట్టుకుని ముందు ధర అడగడు.

"ఉన్నోళ్లదా, పోయినోళ్లదా?" అంటాడు.

"ఉన్నోళ్లదే. నా బిడ్డల మీద ఒట్టు," అంటుంది అమ్మే మనిషి.

అప్పుడు కొనేవాడు అంచులోంచి ఒక దారం పీకి, పక్కనే కుంపటి పెట్టుకుని కూర్చున్న ముసలాయన నిప్పుల్లో వేస్తాడు. ఒట్టు అబద్ధమైనా, పోయినవాడికి బట్టతో ఉన్న లంకె ఆ దారంతో కాలిపోతుందని నమ్మకం. కుంపటి ముసలాయనకు దానికి ఇంత అని ముట్టేది. ఒట్టు నిజం కాదని అందరికీ తెలుసు. చచ్చినవాళ్ల బట్టలు కాకపోతే అంత మంచి ఉన్ని కోట్లు అంత చౌకగా ఎక్కడినుంచి వస్తాయి? అందరూ కలిసి ఆడుకునే అబద్ధమది.

నాకు అప్పుడు పడుచుతనం. మా పేట పఠనమందిరంలో సాయంత్రాలు వాదోపవాదాలు పెట్టేవాళ్లం. శకునాల మీద, తద్దినాల మీద, తాయెత్తుల మీద విరుచుకుపడేవాణ్ని. గురువారాలు ఆ వరుసలో నిలబడి అదే ఉపన్యాసం దంచేవాణ్ని. "బట్టలో మనిషి ఉండడు, మురికి ఉంటుంది. దారం కాల్చకండి, ఉతకండి," అని. నా మాటలు చెవిన వేసుకునే మనిషి ఆ వరుసలో ఒకే ఒక్కతె. ఇత్తడి, జర్మన్‌సిల్వర్ గిన్నెలు గంపలో పెట్టుకుని దేవిడీల వెనక వాకిళ్లకు తిరిగి, గిన్నె ఇచ్చి పాతబట్టలు తెచ్చుకునే నడివయసు విధవరాలు. అందరికీ పెద్దమ్మ. ఆమె వినేది నమ్మి కాదు, కాలక్షేపానికి.

"మంచిగ చెప్తవు సాబ్. గొంతు గూడ మంచిగున్నది. కొనేటోళ్లు మాత్రం నీ మాట కొంటలేరు, నా ఒట్టే కొంటున్నరు," అనేది.

ఆ ఏడు మాఘమాసం చలిలో మశూచి లేచింది. మా జనం అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి తలుపులు మూసుకున్నారు. మేము ఇల్లిల్లూ తిరిగి టీకాలు వేస్తున్నాం. ఒక జట్కావాడి కూతురికి ఒళ్లంతా పోసింది. ఆ పిల్ల ఒంటి మీది ఉన్ని కుడతా ఎక్కడిదని మా డాక్టరు సాహెబు గుచ్చి గుచ్చి అడిగితే, తండ్రి చివరికి గురువారం బజారు పేరు చెప్పాడు. రోగి బట్టలోని పొక్కుల పెచ్చులు ఇంకొకరికి రోగాన్ని మోసుకుపోతాయి. ఇది నమ్మకం కాదు, శాస్త్రం.

ఆ గురువారమే డాక్టరు సాహెబు కిరసనాయిలు డబ్బాలతో, నలుగురు బంట్రోతులతో బజారుకు వచ్చాడు. మంచివాడు, పనిమంతుడు. కానీ చెప్పిన మాటకు ఎదురు చెబితే ఊరుకునే మనిషి కాదు.

"పోయినవాళ్ల బట్టలు వేరే కుప్ప పెట్టండి. అవి కాలుస్తాం. మిగతావి మీవి," అన్నాడు. నేను దాన్ని తెలుగులో గట్టిగా చెప్పాను.

ఒక్కరు కదల్లేదు. వరుస మొత్తం ఒకే గొంతుతో ఒట్టేసింది. "ఉన్నోళ్లయే సాబ్. అన్నీ ఉన్నోళ్లయే."

ఏళ్ల తరబడి కొనేవాళ్ల కోసం వేసిన ఒట్టు ఆ పొద్దు వాళ్లకే ఉచ్చయింది. ఇవి చచ్చినవాళ్లవి అని నోరు విప్పిన మనిషి దగ్గర రేపటినుంచి ఎవడూ గుడ్డపీలిక కొనడు. డాక్టరు సాహెబు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"అచ్ఛా. ఏది ఏదో మీరు చెప్పకపోతే నాకూ తెలియదు. అయితే మొత్తం కాలుస్తా."

పెద్దమ్మ తన కుప్ప మీద బోర్లా పడుకుంది. ఆ కుప్పలో ఆమె చలికాలం బేరమంతా ఉంది. గంపలో గిన్నెలు ఒక్కటి మిగలకుండా ఇచ్చి తెచ్చిన బట్టలవి. అవి పోతే మళ్లీ వాకిలి తొక్కడానికి చేతిలో ఒక చెంబైనా లేదు.

"నన్ను గూడ కాల్చుండ్రి. నేను ఉన్నదాన్నే, ఒట్టు!" అని అరిచింది.

నేను అప్పుడు డాక్టరు సాహెబు చెవిలో అన్నాను: "హుజూర్, నిప్పు చేసే పని మరిగే నీళ్లూ చేస్తాయి గదా. ఉడకబెట్టిద్దాం. వచ్చే గురువారంలోపల ప్రతి బట్టా ఉడికిందని నాది పూచీ."

ఆయన నన్ను కిందినుంచి మీదికి చూశాడు. "ఒక్కటి ఉడకలేదని తెలిసినా, బజారుతోపాటు నీ నౌకరీ కూడా కాలుతుంది. జావ్."

పూచీ పడడం తేలిక. ఆ గుట్టల బట్టలు ఉడకాలంటే ఎంత పెద్ద గిన్నె కావాలి? ముందు పెళ్లిళ్ల వంటవాళ్ల దగ్గరికి పోయాను. వాళ్ల దేగిశాల్లో మనిషి మునుగుతాడు. సంగతి వినగానే పెద్ద వంటవాడు గరిటె ఎత్తాడు. "చచ్చినోళ్ల షేర్వానీలు నా దేగిశల ఉడకబెట్టి, మల్ల దాంట్లనే బిర్యానీ దించుమంటవా? పట్నంల ఇంక నాకు పెండ్లి పిలుపు వస్తదా?" అతని బాధలో న్యాయముంది. వాదించకుండా తిరిగి వచ్చాను.

ఇక మిగిలింది రంగ్రేజులు, బట్టలకు రంగులద్దేవాళ్లు. వాళ్ల గల్లీలో రాతి పొయ్యిల మీద రాగి కడాయిలు వరుసగా ఉంటాయి. పెద్ద రంగ్రేజు గడ్డానికి కూడా ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటి ఉండేది. వింటూనే ఒప్పుకున్నాడు.

"బట్ట మాకేం కొత్త భాయ్? ఉన్నోళ్లదైనా పోయినోళ్లదైనా కడాయికి ఏం ఫికర్ లేదు. కట్టెలు మీరు తెచ్చుకోండ్రి. కడాయిలు నేను తోమిస్త."

అన్నట్టే తోమించాడు. ఒక నవాబు ఇంటి పెళ్లికి నేరేడు రంగు దుపట్టాలు అద్ది అప్పుడే దింపిన కడాయిలవి. పైకి మెరుస్తున్నాయి గానీ, అంచు మడతల్లో, కాడల కింద రంగు మిగిలి ఉంది. పాతబట్టల వరుస మొత్తం మూటలతో ఆ గల్లీలోకి దిగింది. పెద్దమ్మ అందరికంటే ముందు నిలబడి, ఎవరి మూట ఏ కడాయిలోకో పురమాయించింది. మంట పెట్టారు. నీళ్లు కాగాయి, బట్టలు దిగాయి. నేను ఒక్కో కడాయి దగ్గరికి పోయి, నీళ్లు తెర్లడం కంటితో చూస్తే తప్ప ముందుకు కదలలేదు. నా గర్వం చెప్పనలవి కాదు. శాస్త్రం గల్లీలోకి దిగి వచ్చిన రోజని లోలోపల మురిసిపోయాను.

నీళ్లు తెర్లుతున్నాయా అని చూశానే గానీ, రంగ్రేజు చెయ్యి ఎటు పోతోందో చూడలేదు. రంగు బట్టకు పట్టి నిలవాలంటే నీళ్లలో పటిక వేయాలి. జీవితమంతా ఆ పని చేసిన మనిషికి, నీళ్లు మరిగిన చప్పుడు వినబడితే చెయ్యి దానంతట అదే పటిక డబ్బాలోకి పోతుంది. కబుర్లు చెబుతూ, బీడీ పీలుస్తూ, ఆయన ఒక్కో కడాయిలో గుప్పెడు గుప్పెడు పటిక విసిరేసుకుంటూ పోయాడు. ఆయన కొడుకులూ తండ్రి చెయ్యి చూసి వాళ్ల కడాయిల్లో వాళ్లు విసిరారు. కడాయి అంచుల్లో దాగిన నేరేడు రంగు, మూటల్లోని ఎవరిదో తలపాగా వదిలిన రంగు అన్నీ కలిసి లేచి, ప్రతి నూలుపోగుకూ పట్టుకున్నాయి.

కర్రలతో బట్టలు పైకి లేపాక అందరూ కడాయిల చుట్టూ మూగారు. ఉన్ని ముదురు నేరేడు. పట్టు ఇంకా ముదురు. నూలు మాత్రం వెలిసిన వంగపండులా తేలింది. నవాబు షేర్వానీ, జవాను కోటు, గొల్లాయన అంగీ, బ్రాహ్మడి ఉత్తరీయం, అన్నీ ఒకే కుటుంబం పిల్లల్లా దండేల మీద వేలాడాయి. ఉన్నివి కుంచించుకుని మరీ పిల్లల్లాగే కనిపించాయి.

రంగ్రేజు తన చేతిని తానే వింతగా చూసుకున్నాడు. "యా అల్లా. నేనే ఏసిననా?"

పెద్దమ్మ నా ముందుకు వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"కాలిస్తే బూడిదన్న మిగులుతుండె సాబ్, అంట్లు తోముకుందును. గిప్పుడు దీన్ని ఏం జేసుకోవాలె? గీ రంగేసుకుని ఎవడు పోతడు పెండ్లికి?"

డాక్టరు సాహెబు మర్నాడు వచ్చి దండేలు చూసి, పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకున్నాడు. "ఉడికాయా?" "ఉడికాయి హుజూర్." "రంగు మీద మా శాఖకు అభ్యంతరం లేదు," అని వెళ్లిపోయాడు. నా ఉద్యోగం నిలిచింది. నిలవనిది వాళ్ల బేరం.

గురువారం వచ్చింది. మంచు ఇంకా విడవలేదు. వరుస పొడుగునా ఒకటే రంగు కుప్పలు. జనం వచ్చారు, ఆగారు, నవ్వారు, పోయారు. "ఏందే పెద్దమ్మా, నేరేడుపండ్ల అంగడి పెట్టినవా?" అని ఒకడు. "ఉప్పుంటే చెప్పు, అద్దుకుని తింట," అని ఇంకొకడు. ఎండ పైకెక్కుతోంది గానీ ఒక్క బట్ట లేవలేదు.

చివరికి పాలు పోసే మనిషి ఒకడు, ఖాళీ క్యాను పక్కన పెట్టి, పెద్దమ్మ కుప్పలోంచి ఒక దుప్పటి లాగాడు. అలవాటుగా అడిగాడు: "ఉన్నోళ్లదా, పోయినోళ్లదా?"

పెద్దమ్మ ఒట్టుకు నోరు తెరిచింది. కుప్ప వైపు చూసింది. మళ్లీ మూసింది. ఆమె ముఖంలో నేను చూసింది ధైర్యమని అప్పుడనుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, అది అలసట అని. అబద్ధమాడడానికైనా ఏది ఏదో తెలిసి ఉండాలి కదా.

"ఏమో నాయినా. రెండు తీర్లయి ఉన్నయి. అన్నీ కలిసి ఉడికినయి. ఏది ఎవరిదో గిప్పుడు నాకే తెల్వది."

పక్క కుప్పలామె నెత్తి బాదుకుంది. "నీ నోట్ల మన్ను పడ! ఎంత పని జేస్తివే! అందరి బేరం ముంచితివి గదనే!"

పాలాయన చేతిలోంచి దుప్పటి జారింది. చుట్టూ ఉన్నవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. ఆ బజారులో ఆ ప్రశ్నకు నిజమైన జవాబు రావడం బహుశా అదే మొదటిసారి. నిజం చెప్పగానే లోకం చప్పట్లు కొడుతుందని పఠనమందిరంలో అలవాటుపడినవాణ్ని నేను. ఈ బజారులో జనం వెనక్కి జరగడం చూశాను.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, వేడుకోలూ లేదు.

"సాబ్. బట్టల మనిషి ఉండడని ఎన్నేండ్లసంది చెప్తున్నవు. ఎన్నడన్న ఒక్కటి ఏసుకున్నవా?"

లేదు. ఎన్నడూ లేదు. ఆమె ఒక ఉన్ని కోటు తీసి నా చేతిలో పెట్టింది. జనమంతా నన్నే చూస్తున్నారు. యువకులారా, మీకు నిజం చెబుతాను. నాకు మశూచి శాస్త్రం తెలుసు. ఆ కోటు ఉడకడం నా కళ్లతో చూశాను. టీకా వేసుకున్నాను. అయినా దాని కాలరు నా మెడకు తగలబోయే క్షణంలో మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తర్కం తలలో ఉంటుంది. భయం మెడలో ఉంటుందని, ఆ రెండింటి మధ్య ఉన్న జానెడు దూరం దాటడం ఉపన్యాసమంత సులువు కాదని అప్పుడు తెలిసింది. చొక్కా మీద కోటు తొడుక్కున్నాను.

తొడుక్కున్నాను అనడం కూడా గొప్పే. కోటు చేతులు నా మోచేతుల దగ్గర ఆగిపోయాయి. బొత్తాలు ఛాతీకి అందలేదు. వెనక కుట్టు టప్పుమంది. వరుస ఈ చివరినుంచి ఆ చివరిదాకా నవ్వు పుట్టింది.

"దరోగా సాబ్, మీ బారసాలనాటి కోటా?" అని ఎవరో అరిచారు.

"గట్ల తిరిగి చూపించు సాబ్, మస్తున్నది!" అంటూ పెద్దమ్మే చప్పట్లు కొట్టింది.

తిరిగి చూపించాను. ఏం చేయను? పొద్దున్నంతా ఆ కోటులోనే ఆ వరుసలో నిలబడ్డాను. చంటిపిల్లను కొంగులో చుట్టుకున్న ఒక ఆడమనిషి ముందుకొచ్చి చిన్న కుడతా ఒకటి తీసుకుంది. పాలాయన తిరిగొచ్చి దుప్పటి దులిపి భుజాన వేసుకున్నాడు. ఆ తర్వాత కుప్పలు తరగడం మొదలైంది.

మధ్యాహ్నానికి పెద్దమ్మ ముందు నేల కనబడింది. నేను గెలిచిన సేనానిలా దగ్గరికి పోయి, "చూశావా, మూఢనమ్మకం ఓడిపోయింది," అన్నాను.

ఆమె ఖాళీ గోనెపట్టా మడతపెడుతూ నవ్వింది. "ఓడిందో గెలిచిందో నాకేం ఎరుక సాబ్. ఒక్కొక్కరు అడిగిండ్రు, నేను ఉన్నది చెప్పిన. కొందరు పోయిండ్రు. కొందరు 'చలి పెడుతున్నది, ఇయ్యి పెద్దమ్మా' అన్నరు. నిన్ను చూసి నవ్విండ్రు, నవ్వుకుంట ఆగిండ్రు. గంతే."

గంతే. నా ఏళ్ల ఉపన్యాసాలను ఆమె ఒక్క మాటతో మడతపెట్టి గోనెలో పెట్టుకుంది. తర్వాత నేను ఎన్నో సభల్లో మాట్లాడాను, ఎన్నో వ్యాసాలు రాశాను. మూఢనమ్మకాన్ని వాదనతో నరికేయగలమని నమ్మే కుర్రవాళ్లను చూసినప్పుడల్లా ఆ మాట చెవిలో వినిపిస్తుంది. వాదన మానమని నేను చెప్పను. నాకు ఇప్పటికీ వాదన లేనిదే పూట గడవదు. కానీ నిజం చెప్పినా తన బతుకు కూలిపోదని మనిషికి భరోసా దొరికితే తప్ప, అబద్ధపు ఒట్టును ఎవరూ వదులుకోరు. ఆ భరోసా కల్పించని వాదన శబ్దమే.

ఇంకొక మాట. ఆ నెల తర్వాత మశూచి తగ్గుముఖం పట్టింది. అది మా కడాయిల వల్లనే అని నేను ఎక్కడా చెప్పుకోలేదు. టీకాలు వేశాం, ఎండలు ముదిరాయి, రోగం తన దారిన తాను కూడా తగ్గుతుంది. రుజువు లేని ఘనతను మెడలో వేసుకుంటే, అదీ తాయెత్తే.

ఆ రోజు ఆ కోటు కొనుక్కుని, దాంతోనే ఇంటికి పోయేసరికి మా అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "ఆ కోటేంది? యాడిది?"

"ఉడకబెట్టిందమ్మా. ఏ దోషమూ లేదు."

"బట్ట ఉడికింది, నువ్వు ఉడకలేదు గద. బాయి కాడికి పో," అని చెంబు చేతిలో పెట్టింది. అమ్మతో నేను వాదించలేదు. చన్నీళ్లు పోసుకుని, వణుకుతూ మళ్లీ ఆ కోటే తొడుక్కుని లోపలికి పోయాను. ఆమె ముఖం తిప్పుకుని అన్నం వడ్డించింది.

తర్వాతి వారాల్లో పాతబస్తీ గల్లీల్లో ఒక వింత మొదలైంది. జట్కా తోలేవాడి భుజం మీద నేరేడు రంగు. మసీదు మెట్ల మీద కూర్చున్న ముసలాయన టోపీ మీద నేరేడు రంగు. గాజుల దుకాణం గుమాస్తా, బడిపంతులు, హమాలీ, రోడ్డూడ్చే మా శాఖ ఆడమనిషి. ఎవరి బట్ట ఎక్కడినుంచి వచ్చిందో ఇక దాచుకునే వీల్లేదు. మొదట్లో ఇద్దరు ఎదురుపడితే ఇద్దరూ తలలు దించుకునేవాళ్లు. మూటలు చంకలో దాచుకునే ఊరు కదా. కొన్నాళ్లకు ఒకరి బట్ట ఒకరు చూసుకుని పెదవి చివర నవ్వడం మొదలుపెట్టారు.

ఒక పొద్దున పత్తర్‌గట్టి మూల మీద ఆ పాలాయన ఎదురొచ్చాడు. భుజాన దుప్పటి, రెండు చేతుల్లో నిండు క్యాన్లు. నా ఒంటి మీద పొట్టి కోటు. అంతకుముందు నన్ను చూస్తే పాలవాళ్లు నీళ్లు కలిపినా కలపకపోయినా గల్లీ మార్చేవాళ్లు, నేను దరోగాను గనక. అతను గల్లీ మార్చలేదు. క్యాన్లు రెండూ నేల మీద దింపి, నా మోచేతుల దగ్గరే ఆగిన కోటు చేతులు చూసి, తన దుప్పటి చూసుకుని, నవ్వి చెయ్యెత్తాడు.

"ఏందన్నా, ఎట్లున్నది, చలి ఆగుతున్నదా?" అన్నాడు.

"ఆగుతున్నది తమ్ముడూ," అన్నాను.